షట్టర్ దించడం ఒక్కరోజు, లెక్క అడగడం ఏడాదంతా



ఏ ఊళ్లోనైనా వర్తక సంఘం జనానికి కనిపించేది మూడు సందర్భాల్లో. బంద్ జరిగిన రోజు ఒకసారి. పండగకు చందా రసీదు పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడు ఒకసారి. కొత్తగా వచ్చిన అధికారికి శాలువా కప్పే ఫొటోలో ఇంకొకసారి. మిగతా రోజుల్లో సంఘం ఏం చేస్తోందని అడిగితే సభ్యులే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బంద్ తప్పని గానీ చందా తప్పని గానీ నేననడం లేదు. అయితే అంగళ్లున్న వీధిలో దీపం వెలగకపోతే, కొళాయి రాకపోతే, చెత్త ఎత్తకపోతే, రైలు వేళ మారితే ఆ మాటను పైదాకా మోసుకెళ్లేది ఎవరు? మోసుకెళ్లినా, జవాబు వచ్చేదాకా వెంటపడేది ఎవరు? ఈరోజు రాబర్ట్‌సన్‌పేటను ఎదురుగా పెట్టుకుని ఈ సంగతి ఆలోచిద్దాం.

కోలారు బంగారు గనుల ప్రాంతంలో అంగళ్లకు పేరు రాబర్ట్‌సన్‌పేటే. ఛాంపియన్ రీఫ్, ఊరుగాం, కోరమాండల్, మారికుప్పం, ఆండర్సన్‌పేట, ఇలా చుట్టుపక్కల ఎక్కడున్నా చీర కొనాలన్నా, పెళ్లికి సామాను కొనాలన్నా జనం వచ్చేది ఇక్కడికే. మైసూరు సంస్థానంలో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన రాబర్ట్‌సన్ పేరు ఈ ఊరికి పెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో, ప్లేగు భయం ఇంకా వదలని రోజుల్లో, కొలతపెట్టి అడ్డం నిలువు వీధులు వేసి కట్టిన ఊరు. పక్కనే భూమి కింద బంగారం, ఇక్కడ భూమి మీద బజారు. కోమట్లు, మొదలియార్లు, నాడార్లు, మార్వాడీలు, ముస్లింలు ఎవరి సరుకు వాళ్లు తెచ్చుకుని అంగళ్లు పెట్టారు. తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ, ఈ నాలుగూ ఒకే అంగడి గడప మీద వినబడతాయి. బేరం ఒక భాషలో మొదలై ఇంకొక భాషలో తెగుతుంది.

ఈ ఊరికి ఒక చిత్రమైన చరిత్ర ఉంది. వేరే ఊళ్లు దశాబ్దాలు అడిగితే గానీ రాని సదుపాయాలు ఇక్కడికి ఎవరూ అడగకుండానే వచ్చాయి. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ గనులు నడిపింది. కంపెనీ యంత్రాలకు బొగ్గు రావాలి, కంబాలు రావాలి, అందుకని 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే నేటి బంగారపేట నుంచి, రైలు దారి వేశారు. గనులకు కరెంటు కావాలి, అందుకని 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో. అంటే మూడేళ్లు ముందే కోలారు గనులకు కరెంటు అందింది. నీళ్లు కావాలి, అందుకని పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి గొట్టాలు వేశారు. వీధులు, మురుగు, ఆరోగ్యం చూసుకోవడానికి శానిటరీ బోర్డు ఏర్పడింది. ఇవన్నీ మనకోసం వచ్చాయా అంటే, కాదు. బంగారం తవ్వడం కోసం వచ్చాయి. ఊరికి అందింది గనికి మిగిలిందే. అది కూడా ఎంతమందికి అందింది? దొరల బంగళాలకు తోటలు, క్లబ్బులు ఉంటే, కూలీలకు వెదురు తడికెల గుడిసెల వరసలు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు మన పెద్దలు. ఇక్కడ మాత్రం కంపెనీ అడగకుండానే పెట్టింది, తన అవసరం మేరకు పెట్టింది. దాని వల్ల ఊరికి ఒక అలవాటు పట్టుకోలేదు. నగరసభకు అర్జీ రాయడం, జవాబు రాకపోతే రెండో అర్జీ రాయడం, లెక్క చూపించమని కూర్చోవడం. ఈ ఓపిక పని ఇక్కడ బలంగా వేళ్లూనలేదు.

గని కార్మికులకు మాత్రం అడగడం బాగా తెలుసు. వాళ్లు అడిగిన తీరు సమ్మె. 1930లో వేలిముద్రలతో పేర్లు నమోదు చేయిస్తామంటే గనులు ఆగిపోయాయి. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ ఊరి నేలలో పోరాటం ఉంది. వర్తకులు కూడా ఆ పాఠమే నేర్చుకున్నారు. కోపం వస్తే షట్టర్ దించాలి. అయితే రెంటికీ ఒక తేడా ఉంది. కార్మికుడు పని ఆపితే ఆ నష్టం కంపెనీది, అందుకని కంపెనీ దిగివస్తుంది. అంగడివాడు అంగడి మూస్తే ఎవరికి నష్టం? అంగడివాడికి, రోజుకూలీ మీద ఉన్న గుమాస్తాకు, బియ్యం కొనుక్కోవడానికి వచ్చిన ముసలమ్మకు. బెంగళూరులో ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి ఆ రోజు కాఫీ కూడా ఆగదు.

అప్పటికి ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ నడుపుతున్న ఈ గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మూడు వేలకు పైగా కార్మికులు ఒక్కసారిగా వీధిన పడ్డారు. నెల మొదట్లో సంబళం అందగానే బజారు కిక్కిరిసే రోజులు పోయాయి. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. గని కార్మికుడి సంబళంలో పెద్ద భాగం వడ్డీకే పోయేది. కార్మికుల అప్పుల బాధ ఇక్కడి చరిత్రలో పాత కథ. బజారు బతికింది కార్మికుడి జేబు మీద. కాబట్టి ఈ ఊరికి వర్తకులు చేసేదాన్ని ధర్మం అనడం సరికాదు, బాకీ తీర్చడం అనాలి.

గనులు మూసేశాక ఊరు ఖాళీ అయిపోతుందనుకున్నారు. కాలేదు. 2011 జనగణనలో రాబర్ట్‌సన్‌పేట నగరసభ జనాభా లక్షా అరవై వేలు దాటింది. జనం ఉండిపోయారు, పని మాత్రం బెంగళూరుకు వెళ్లింది. తెల్లవారకముందే మారికుప్పం నుంచి రైళ్లు కదులుతాయి. వేల మంది బెంగళూరు వెళ్లి, చీకటి పడ్డాక తిరిగివస్తారు. వాళ్లు ఇంటికొచ్చే వేళకు ఇక్కడ అంగళ్లు కట్టేస్తుంటారు. ఇక వాళ్లు సరుకులు కొనేది ఎక్కడ? బెంగళూరు స్టేషను పక్కన. లేదంటే సెల్‌ఫోనులో. అందుకే రైలు వేళ, వీధి దీపం, రాత్రిపూట స్టేషను నుంచి బజారుకు ఆటో, ఇవన్నీ వ్యాపారం సంగతులే. పౌర సమస్య వేరు, వ్యాపార సమస్య వేరు అనుకునే సంఘం రెండూ పోగొట్టుకుంటుంది.

వర్తకులు ఊరి సంగతి మాట్లాడడం కొత్త ఆలోచనేమీ కాదు. మైసూరు చాంబర్ ఆఫ్ కామర్స్ పుట్టింది 1916లో. అప్పటి దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో పుట్టింది. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి ఆ రోజుల్లో కోలారు జిల్లాలోనే ఉండేది. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయ్యాక అటు వెళ్లింది. ఆ చాంబరే నేటి కర్ణాటక వాణిజ్య పారిశ్రామిక సంఘాల సమాఖ్య. హైదరాబాదులో చాంబరు 1917లో వచ్చింది. మద్రాసులో తెలుగు వర్తకులు ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నది 1928లో. వీటన్నిటి వెనకా ఒకటే ఆలోచన ఉంది. వర్తకుడు ఒక్కడే పోయి మాట్లాడితే అది ఫిర్యాదు. అందరూ కలిసి అంకెలు పట్టుకుని మాట్లాడితే అది ప్రతిపాదన. ఫిర్యాదును ప్రభుత్వం వింటుంది, ప్రతిపాదనకు జవాబు రాయాల్సి వస్తుంది.

పెద్ద చాంబర్లు పన్నుల మీద, రైలు కిరాయిల మీద, బ్యాంకు అప్పుల మీద మాట్లాడతాయి. రాబర్ట్‌సన్‌పేటలో ప్రిచర్డ్ రోడ్డు మీద ఎక్కడ నీళ్లు నిలుస్తాయో వాళ్లకు తెలియదు. మహాత్మా గాంధీ మార్కెట్లో సాయంత్రానికి ఎన్ని బుట్టల కూరగాయల చెత్త మిగులుతుందో వాళ్లు చెప్పలేరు. అది ఇక్కడి సంఘానికే తెలుసు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే మొదటి పని.

ఇప్పుడు చట్టం ఇచ్చిన చోట్లు కొన్ని చూద్దాం. చాలా సంఘాలు వీటిని వాడుకోవడం లేదు.

మొదటిది చెత్త. 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నియమాలలో మార్కెట్ సంఘాల పేరు ఎత్తి మరీ బాధ్యత పెట్టారు. తడి చెత్త, పొడి చెత్త పుట్టినచోటే వేరు చేయించాలి. పనికొచ్చేది ఏరుకునేవాళ్లకు అప్పగించాలి. కుళ్లేదాన్ని వీలైనంత అక్కడే ఎరువు చేయాలి అని ఆ నియమాలు చెప్పాయి. అంటే సంఘం నగరసభను చెత్త ఎత్తమని అడిగే ముందు, తన బజారులో చెత్త వేరు చేశానని చూపించాలి. అలా చూపించిన సంఘం గొంతుకు బరువు వస్తుంది. "మా వంతు మేం చేశాం, మీ బండి మూడు రోజులుగా రాలేదు, ఇదిగో తారీఖులు" అంటే ఏ అధికారి అయినా ఒక్క క్షణం ఆగి వినాల్సిందే.

రెండోది వీధి వ్యాపారం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి ఊళ్లో ఒక కమిటీ ఉండాలి. అందులో నూటికి నలభై వంతులకు తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. వర్తక సంఘాలకూ అందులో చోటు ఉంది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదని కూడా చట్టం చెబుతోంది. మన సంఘాల్లో చాలామందికి తోపుడు బండి కనబడితే చిరాకు. అంగడి ముందు దారి పోయిందంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ బండి దగ్గర అరటిపళ్లకు ఆగిన మనిషే పక్క అంగట్లో చొక్కా చూస్తాడు. బండ్లు లేని బజారులో జనం ఆగరు, నడిచి పోతారు. అందుకని సంఘం ఆ కమిటీలో కూర్చుని, ఎక్కడ బండ్లు, ఎక్కడ నడక, ఎక్కడ స్కూటర్లు అని గీత గీయించుకుంటే ఇద్దరూ బతుకుతారు. పోలీసును పిలిచి లేపిస్తే వారం రోజుల్లో మళ్లీ అదే కథ.

మూడోది సమాచారం. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంగళ్ల లైసెన్సుల మీద, నగరసభ అంగళ్ల అద్దెల మీద ఏడాదికి ఎంత వచ్చింది? అందులో మార్కెట్ మీద ఎంత ఖర్చయింది? ఎన్ని దీపాలకు బిల్లు కడుతున్నారు, ఎన్ని వెలుగుతున్నాయి? ఈ నాలుగు అంకెలు చేతిలో ఉంటే చాలు, ఏడాదికి సరిపడా మాట్లాడొచ్చు. జమాఖర్చు చూడడం వర్తకులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తెలివిని సొంత అంగడి గల్లాపెట్టె దగ్గరే ఆపేయకుండా ఊరి ఖజానా దాకా తీసుకెళ్లాలి, అంతే.

ఇక్కడ దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అని ఒక బజారు వీధి ఉంది. 1960లలో ఆ వీధి కిందనుంచి సొరంగం రైలు వచ్చింది. ట్రాముల్లో వీధి మీదుగా వెళ్తూ దిగి కొనుక్కునే జనం నేల కిందకు వెళ్లిపోయారు. ఇంకోవైపు పెద్ద పెద్ద మాల్స్ వచ్చాయి. అక్కడి వర్తకులు తలా కాస్త వేసుకుని వీధిని బాగుచేద్దామనుకున్నారు. కానీ చందా వేసేవాళ్లు వేస్తుంటే, వేయనివాళ్లు కూడా లాభపడుతున్నారు. ఇది మన సంఘాలన్నిటికీ తెలిసిన బాధే. అప్పుడు వాళ్లు ప్రభుత్వం దగ్గరికి వెళ్లి చట్టమే చేయించుకున్నారు. ఆ వీధిలో ఉన్న ప్రతి వ్యాపారం నుంచీ నగరపాలిక ఒక చిన్న రుసుము వసూలు చేసి సంఘానికి ఇస్తుంది. సంఘం దాన్ని దీపాలకు, చెట్లకు, బెంచీలకు ఖర్చుపెట్టి లెక్క చెబుతుంది. 1970లో మొదలైన ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మారికుప్పం రైలు మన కొనుగోలుదారులను తీసుకుపోతున్నట్టే అక్కడా రైలే తీసుకుపోయింది. వాళ్లు రైలును ఆపమనలేదు. దిగిన మనిషి వీధిలోకి రావడానికి ఒక కారణం కల్పించారు.

ఆ పద్ధతికి ఇంకో ముఖం కూడా ఉంది. డబ్బు కట్టినవాళ్ల మాటే వీధి మాట అవుతుంది. బెంచీ మీద పడుకున్న బీదవాడు, డబ్బాలు ఏరుకునే మనిషి ఆ వీధికి అందం చెడగొట్టినట్టు కనిపిస్తారు. చాలా నగరాల్లో ఈ విమర్శ వచ్చింది. కాబట్టి సంఘం పౌరసేవ చేస్తోందా, లేక తన వీధికి కాపలా కాస్తోందా అని తేల్చుకోవడానికి ఒక కొలత కావాలి.

ఆ కొలత కోసం టొరంటో దాకా పోనక్కర్లేదు. మన కోలారు గనుల ఊళ్లోనే ఉంది.

బెజవాడ విల్సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1966లో ఈ గనుల ప్రాంతంలోనే, పారిశుధ్య పని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. గని కాలనీల్లో పొడి మరుగుదొడ్లు ఉండేవి. వాటిని మనుషులే చేతులతో ఎత్తేవాళ్లు. బంగారం తవ్విన ఊరు, దేశంలో చాలా ఊళ్లకన్నా ముందే కరెంటు చూసిన ఊరు, మలాన్ని మాత్రం మనిషి నెత్తిన మోయించింది. విల్సన్ 1986లో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. అధికారులకు రాశారు, మంత్రులకు రాశారు, పత్రికలకు రాశారు. చాలావాటికి జవాబు రాలేదు. మళ్లీ రాశారు. 1993లో పార్లమెంటు ఈ పనిని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చినా పని ఆగలేదు. మరుసటి ఏడాది విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. రాష్ట్రం రాష్ట్రం తిరిగి ఆధారాలు పోగుచేశారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014లో తీర్పు వచ్చింది. 1993 తర్వాత మురుగు కాలవల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

1986 నుంచి 2014 దాకా, ఇరవై ఎనిమిదేళ్లు. మొదట ఉత్తరం, తర్వాత చట్టం, ఆ తర్వాత ఆధారం, చివరికి తీర్పు. ఈ ఊరి నుంచి దేశం దాకా వెళ్లిన పౌర ఉద్యమాల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు. దాన్ని మొదలుపెట్టిన మనిషి దగ్గర డబ్బు లేదు, చాంబరు లేదు, షట్టరూ లేదు. ఓపిక ఉంది, కాగితం ఉంది.

ఇందులో వర్తక సంఘానికి రెండు పాఠాలున్నాయి. ఒకటి పద్ధతి గురించి. అర్జీకి ముందు ఆధారం ఉండాలి, అర్జీ తర్వాత వెంటపడడం ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం. మన బజారును తెల్లవారుజామున ఊడ్చే మనిషికి చేతి తొడుగులు ఉన్నాయా? జీతం నెలనెలా అందుతోందా? కాలవ పూడుకుపోతే మనిషిని దించుతున్నారా, యంత్రం తెప్పిస్తున్నారా? అంగళ్లలో పనిచేసే ఆడపిల్లలకు బజారులో ఎక్కడైనా మరుగుదొడ్డి ఉందా? ఈ ప్రశ్నలు అడిగినందువల్ల ఏ అంగడికీ ఆ సాయంత్రం గల్లా నిండదు. లాభం లేని ఈ ప్రశ్నలు అడిగిన రోజునే సంఘం ఊరిది అవుతుంది.

రాబోయే పెద్ద సంగతులు కూడా ఉన్నాయి. గనుల నుంచి మిగిలిన సైనైడ్ దిబ్బల్లో ఇంకా బంగారం ఉందని లెక్కలు వేశారు. 2024లో కర్ణాటక మంత్రివర్గం, వెయ్యి ఎకరాలకు పైగా పరుచుకున్న 13 దిబ్బలను తవ్వే ప్రతిపాదనకు ఒప్పుకుంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి మాలూరు, బంగారపేట, బేతమంగళం మీదుగా వెళ్తుంది. పారిశ్రామిక టౌన్‌షిప్ మాట కూడా ప్రభుత్వం చెప్పింది. ఇవన్నీ వింటే వర్తకుడికి ఉత్సాహమే. జనం వస్తారు, అంగడి నడుస్తుంది. ఇక్కడే పాత కథ మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఉంది. కంపెనీ వస్తుంది, తన అవసరానికి ఇస్తుంది, అవసరం తీరాక వెళ్లిపోతుంది. ఈసారి సంఘం ముందే అడగాలి. దిబ్బలు కదిపినప్పుడు లేచే దుమ్ము ఎటు పోతుంది? గాలి కాలంలో ఆ దుమ్ము ఇళ్లలోకి రావడం ఎలా ఉంటుందో ఈ ఊరికి బాగా తెలుసు. ఆ పనికి నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు? ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేని జిల్లా మనది. ఉద్యోగాల్లో పాత కార్మికుల పిల్లలకు ఎంత వాటా? అనుమతులకు ముందు జరిగే బహిరంగ విచారణలో కూర్చుని అడిగితే ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత అడిగితే గాలికి పోతుంది.

చివరగా సంఘం ఇంటి లోపలి సంగతి. ఊరి లెక్క అడిగేవాళ్లు ముందు తమ లెక్క చూపాలి. చందా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఏటా గోడ మీద అంటించాలి. వేళకు ఎన్నికలు జరగాలి. ఒకే కుటుంబం, ఒకే కులం, ఒకే వీధి చేతిలో పదవులు ఉండిపోకూడదు. పూలంగడి, టైలరింగ్, బ్యూటీపార్లర్ నడిపే ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నా సంఘం సభలో కుర్చీలు మగవాళ్లవే అయితే అది సగం సంఘం. అర్జీ కన్నడంలో రాసినా, దాని నకలు తమిళంలో, తెలుగులో, ఉర్దూలో అందరికీ అందాలి. అర్జీలో ఏముందో అర్థమైతేనే చిన్న అంగడివాళ్లు కూడా ధైర్యంగా సంతకం పెడతారు.

సేవ చేయొద్దని నేననను. రక్తదానం పెట్టండి, బడి పిల్లలకు పుస్తకాలు ఇవ్వండి, ఎండాకాలం చలివేంద్రం పెట్టండి. కానీ చలివేంద్రం పెట్టిన సంఘం, వీధి కొళాయి ఎందుకు రావడం లేదని కూడా అడగాలి. మొదటిదానికి దండలు పడతాయి, రెండోదానికి మొహం చిట్లిస్తారు. ఊరికి ఎక్కువ కాలం పనికొచ్చేది రెండోదే.

కాబట్టి రాబర్ట్‌సన్‌పేట వర్తకులకే కాదు, కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, కుప్పం, పలమనేరు, ఎక్కడ సంఘం ఉన్నా వాళ్లందరికీ నేను చెప్పేది ఒక చిన్న పని. వచ్చే నెల నుంచి బజారు మధ్యలో ఒక బోర్డు పెట్టండి. ఈ నెల ఏమి అడిగాం, ఎవరిని అడిగాం, ఏ తారీఖున అడిగాం, జవాబు ఏమిటి, ఈ నాలుగే రాయండి. జవాబు రాకపోతే రాలేదని రాయండి. ఏడాది తిరిగేసరికి ఆ బోర్డు చదవడానికి జనం ఆగుతారు, ఆ తర్వాత అధికారులు కూడా ఆగక తప్పదు. అప్పటికీ బంద్ చేయాల్సిన రోజు వస్తే చేయండి. ఆ రోజు అంగడి ఎందుకు మూశారో ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.